రాముణ్ణి గీసిన జపాన్ కుంచె

"మన రాముణ్ణి జపాన్ వాళ్ళు గీయడమేంటి?" చిట్యాలలో టీ తాగుతూ ఓ మిత్రుడు నన్నడిగాడు. గీశారండీ, అదీ ఎంతో భక్తిగా!

1983లో డాక్యుమెంటరీ కోసం మన దేశానికొచ్చిన యుగో సాకో రామకథకు దాసుడైపోయాడు. రాముడు దేవుడు కనుక నటుడికంటే బొమ్మే మేలన్నాడు. "దేవుణ్ణి కార్టూన్ చేస్తారా?" అంటూ ఇక్కడ కొందరు కోప్పడ్డారు. సాకో తగ్గలేదు. మన రామ్‌మోహన్‌నీ, జపాన్‌కే చెందిన కొయిచి ససాకినీ తోడు దర్శకులుగా పెట్టుకుని, 1992లో 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' పూర్తిచేశాడు.

2025 జనవరిలో ఆ చిత్రం తెలుగు మాటలతో థియేటర్లకొచ్చింది. హైదరాబాదెళ్ళి చూశాను. హనుమంతుడు లంక కాలుస్తుంటే పక్కసీటు బుడతడు ఒకటే చప్పట్లు! వినడానికి సాకో లేడు. 2012లోనే కన్నుమూశాడు. ఇంతకీ, నాతో వచ్చిన ఆ టీ మిత్రుడూ చప్పట్లు కొట్టాడండోయ్!