లాల్‌బాగ్ చూసొచ్చారా... నేర్చుకొచ్చారా?

సంతలో బెంగళూరు వంకాయ కొంటూనే ఉంటారు కదా! లేత పచ్చగా, పైన గాడులు పడి ఉండే కాయ. పప్పులో వేసుకుంటాం, కూటు చేసుకుంటాం. దానికి ఆ పేరెలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? నిజానికి అది వంకాయ జాతే కాదు. దోస, సొర కుటుంబానికి చెందిన తీగ. పుట్టిల్లు మెక్సికో వైపు. ఆ తీగను మన ప్రాంతానికి తెచ్చి అలవాటు చేసింది బెంగళూరు లాల్‌బాగ్ తోట. 1874 నుంచి 1908 దాకా ఆ తోట బాధ్యత చూసిన జాన్ కామెరాన్ హయాంలో అది ఇక్కడికి వచ్చింది. దాని సాగులో ఒక చిత్రం ఉంది. ఒక్కో కాయలో ఒక్కటే గింజ. కాయలో ఉండగానే మొలకెత్తుతుంది. అందుకే గింజ తీయకుండా కాయనే నాటుతారు.

పెళ్లికో, ఆసుపత్రికో, మార్కెట్టుకో బెంగళూరు వెళ్లినప్పుడు మనవాళ్లు లాల్‌బాగ్‌లోకి తొంగి చూసి వస్తుంటారు. గాజు మేడ ముందు ఫొటో దిగుతారు, గుట్ట ఎక్కి దిగుతారు, శనక్కాయలు తిని బస్సెక్కుతారు. అంతేనా? ఆ 240 ఎకరాల తోట ఒక బడి. అదీ చిన్నపిల్లల బడి కాదు, పెద్దవాళ్లు నేర్చుకునే బడి. ఈసారి వెళ్లేటప్పుడు జేబులో ఒక నోటు పుస్తకం, పెన్ను పెట్టుకుని వెళ్లండి.

పని చేస్తూ నేర్చినవారే

లాల్‌బాగ్‌కు 1760లో హైదర్ అలీ పునాది వేశాడు. టిప్పు దాన్ని పెంచాడు. 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానవనమైంది. ఇప్పుడు మనం చూసే గాజు మేడకు 1889లో శంకుస్థాపన జరిగింది.

రాజులు, కట్టడాల సంగతి అలా ఉంచితే, ఈ తోటను నడిపినవారిని చూడండి. 1908లో వచ్చిన జర్మనీ దేశస్థుడు క్రుంబిగల్ లండన్ దగ్గరి క్యూ తోటలో పని చేసినవాడు. ఆయన తర్వాత బాధ్యత తీసుకున్న జవరాయ కూడా క్యూలో శిక్షణ పొందినవారే. 1938లో హెసరఘట్టలో పండ్ల తోటల పరిశోధన కేంద్రం పెట్టింది ఆయనే. 1963 నుంచి కర్ణాటక ఉద్యాన శాఖ డైరెక్టరుగా పని చేసిన డాక్టర్ మరిగౌడ హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసి వచ్చినా, తన చదువును గదిలో దాచుకోలేదు. ఊరూరా ఉద్యాన క్షేత్రాలు, నర్సరీలు పెట్టించారు. మంచి మొక్క, మట్టి పరీక్ష, సస్య రక్షణ, శిక్షణ... ఈ నాలుగూ రైతుకు దగ్గర్లోనే దొరకాలన్నది ఆయన పట్టు.

అంటే ఏమిటన్నమాట? తోట పని కత్తి పట్టి, మట్టిలో చేయి పెట్టి నేర్చుకునేది. దానికి వయసుతో పని లేదు.

ఇప్పుడేం నేర్పుతున్నారు?

ఉద్యాన శాఖ రైతు కుటుంబాల యువతీ యువకులకు పది నెలల ఉద్యాన శిక్షణ ఇస్తోంది. లాల్‌బాగ్‌తో పాటు మరికొన్ని జిల్లాల కేంద్రాల్లోనూ ఇది నడుస్తుంది. పదో తరగతి చదివి ఉండాలి. శిక్షణ కాలంలో నెలనెలా భత్యం ఇస్తారు. నారుమడి నుంచి అంట్లు, కొమ్మ కత్తిరింపు దాకా చేతిపనే ఎక్కువ. అయితే ఇది కర్ణాటక వారికే. పావగడ, బాగేపల్లి, కోలారు వైపు మన చుట్టాలుంటే వాళ్ల పిల్లలకు తప్పక చెప్పండి. ఇంట్లో తెలుగు మాట్లాడినా కన్నడంలో చదువుకున్నవాళ్లే కదా!

పట్నం గృహిణులకు, ఉద్యోగం నుంచి రిటైరైన వారికి మిద్దె తోటలు, పెరటి కూరగాయలు, బోన్సాయ్ వంటి వాటిపై చిన్న చిన్న శిక్షణలు పెడుతుంటారు. 1912లో మొదలైన మైసూరు ఉద్యాన కళా సంఘం ఇలాంటి పనుల్లో శాఖకు తోడుగా ఉంటోంది. జనవరి 26కు, ఆగస్టు 15కు ముందు వెనుకలుగా జరిగే ఫల పుష్ప ప్రదర్శనలు అందరికీ తెలిసినవే. ఆ రోజుల్లో విత్తనాలు, మొక్కలు, పనిముట్ల దుకాణాలు కూడా పెడతారు. కానీ జనం తొక్కిడి ఎక్కువ. ప్రశ్న అడగాలంటే మామూలు రోజు పొద్దున్నే వెళ్లడం మేలు.

తోటలో చెట్లకు పేరు పలకలు ఉంటాయి. వాటిని చదవండి. ఒకే చెట్టుకు మన మండలంలో ఒక పేరు, పక్క మండలంలో ఇంకో పేరు. శాస్త్రీయ నామం మాత్రం ఎక్కడైనా ఒకటే. ఆ పేరు రాసుకుంటే రేపు నర్సరీలో ఒకటి చెప్పి ఇంకొకటి అంటగట్టే వీలుండదు.

నేర్చుకోకపోతే నష్టమెంత?

'ఈ వయసులో మాకు చదువెందుకు' అంటారా? ఒక్కసారి లెక్క వేయండి. వేరుశనగ విత్తనం మోసం చేస్తే ఒక పంటతో పోతుంది. చీనీ మొక్క మోసం చేస్తే? నాలుగైదేళ్లు నీళ్లు పోసి, ఎరువులేసి, బోరు బిల్లు కట్టి, అప్పుడు గానీ తెలియదు. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. పోయిన ఐదేళ్లు ఎవరిస్తారు?

చీనీ మొక్కంటే రెండు మొక్కలు కలిసిన కాపురం. కింద వేరు మొక్క. మన ప్రాంతానికి రంగపూర్ నిమ్మ మంచిదని శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తారు. పైన సాత్‌గుడి కన్ను. వేరు మొక్క కాండం పెన్సిలు లావు కాగానే, నేలకు జానెడు ఎత్తున బెరడుపై ఇంగ్లీషు 'టి' అక్షరం ఆకారంలో గాటు పెడతారు. ఆరోగ్యంగా ఉండి బాగా కాసే తల్లి చెట్టు నుంచి కన్ను తీసి, ఆ గాటులోకి జొనిపి, కన్ను బయటికి కనిపించేలా ప్లాస్టిక్ పట్టీ చుడతారు. రెండు మూడు వారాలకు కన్ను పచ్చగా ఉంటే అతికినట్టు. నల్లబడితే పోయినట్టు. అతికాక వేరు మొక్క తల కోసేస్తారు.

చదవడానికి ఇంతే. చేతిలో కత్తి పట్టుకుంటే గానీ బెరడు ఎంత లోతు కోయాలో తెలియదు. మొదటి పది కళ్లూ చచ్చినా కంగారు పడకండి. చేతికి పని అలవాటు పడేది అలాగే.

మీరే అంట్లు కట్టకపోయినా, ఇది తెలిస్తే మొక్క కొనేటప్పుడు కళ్లు తెరుచుకుంటాయి. ఇవి చూడండి:

* అతుకు నేలకు జానెడు ఎత్తున ఉందా? మరీ కిందికి ఉంటే వద్దు.
* అతుకు కింద నుంచి పిలకలు వస్తున్నాయా? అవి వేరు మొక్కవి. వదిలేస్తే అవే ఎదిగి, పై కన్ను చస్తుంది. చీనీ అనుకుని పుల్ల నిమ్మను పెంచినవాళ్లు అవుతారు.
* సంచిలో వేర్లు చుట్టలు చుట్టుకున్నాయా? ముదిరిన మొక్క అన్నమాట.
* తల్లి చెట్టు ఎక్కడుంది? చూపించమని అడగండి. చూపించలేనివాడి దగ్గర తొందరపడి కొనకండి.

నాటేటప్పుడు అతుకు మట్టిలోకి పోకూడదు. పాదులో నీరు కాండాన్ని తాకకూడదు. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దాని బయట నీళ్లు పారించండి. ఈ ఒక్క జాగ్రత్తతోనే బంక తెగులు బెడద చాలా వరకు తగ్గుతుంది.

మనకు దగ్గర్లో ఎక్కడ?

బెంగళూరు దాకా వెళ్తే హెసరఘట్టను కూడా మరవకండి. జవరాయ పెట్టిన ఆ కేంద్రాన్నే తీసుకుని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అక్కడ పని మొదలుపెట్టింది. సంస్థ 1967లో ఏర్పడింది. ఇది కేంద్ర సంస్థ కాబట్టి రాష్ట్రంతో నిమిత్తం లేకుండా రైతులకు శిక్షణ ఉంటుంది.

ఇటువైపు అనంతపురం దగ్గర రేకులకుంటలో ఉద్యాన పరిశోధన స్థానం, రెడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. తిరుపతిలో నిమ్మజాతి పంటల పరిశోధన స్థానం, రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేటలో ఉద్యాన కేంద్రం ఉన్నాయి. ముందుగా ఫోను చేసి, శిక్షణ ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. ఒక్కరే కాకుండా ఊళ్లో పదిమంది కలిసి వెళ్తే అధికారులకూ చెప్పాలన్న ఉత్సాహం వస్తుంది. ఆడవాళ్లను తప్పక తీసుకెళ్లండి. నారుమడి పని, పిలకలు గిల్లే పని ఎక్కువగా చేసేది వాళ్లే. నేర్చుకునేటప్పుడు మాత్రం వాళ్లను ఇంటి దగ్గర వదిలేస్తే ఎలా?

లాల్‌బాగ్‌కు దారి సులువే. హిందూపురం, కదిరి బస్సు దిగి మెజెస్టిక్ చేరుకుని, పచ్చ లైను మెట్రో దక్షిణం వైపు ఎక్కితే నాలుగో స్టేషను లాల్‌బాగ్. లోపల రెండు వందల ఏళ్లు దాటిన తెల్ల బూరుగు చెట్టు ఒకటుంది. దాని వేర్లు మనిషి ఎత్తు గోడల్లా లేచి ఉంటాయి. దాని దగ్గర కాసేపు నిలబడండి. ఆ తర్వాత నోటు పుస్తకం తీసి, దగ్గర్లో పని చేస్తున్న తోటమాలిని మొదటి ప్రశ్న అడగండి. బెంగళూరులో తెలుగు తెలిసిన తోటమాలి దొరకడం పెద్ద కష్టమేమీ కాదు.