లైబ్రరీ గుమ్మం కాసిన కుర్రాడు లెక్కల్లో మేటి అయ్యాడు

చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలు మన జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇంట్లో జరుగుబాటు లేక కొందరు, దగ్గర్లో కాలేజీ లేక కొందరు మానేస్తారు. వీడికి చదువు రాసిపెట్టి లేదని పెద్దలు తేల్చేస్తారు. అలా తేల్చే ముందు ఇజ్రాయిల్ గెల్ఫాండ్ కథ ఒకసారి వినడం మంచిది. బడి చదువు పూర్తికాని, కాలేజీ మెట్లెక్కి డిగ్రీ తెచ్చుకోని ఈయన ప్రపంచంలోని పేరెన్నికగన్న గణిత శాస్త్రజ్ఞులలో ఒకరయ్యారు. పైకి వచ్చాక పల్లెటూరి పిల్లలను మరచిపోకపోవడం మరో విశేషం.

పిండిమర ఇంటి పిల్లవాడు

గెల్ఫాండ్ 1913 సెప్టెంబరు 2న ఓక్నీ అనే చిన్న ఊళ్లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. తండ్రి పిండిమర నడిపేవాడు. ఆ ఊళ్లో లెక్కల పుస్తకాలు దొరకడమే గగనం.

పదిహేనో ఏట కడుపులో అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. పై తరగతుల లెక్కల పుస్తకం కొనిపెడితే తప్ప ఆస్పత్రికి రానని కుర్రాడు మొండికేశాడు. తల్లిదండ్రుల దగ్గరున్న డబ్బుకు మొదటి భాగం ఒక్కటే వచ్చింది. ఆస్పత్రి మంచం మీదే దాన్ని చదివేశాడు.

సోవియట్ ప్రభుత్వం వచ్చాక మర పెట్టుకున్నవాడు పెట్టుబడిదారు కింద లెక్క. ఆ ముద్ర కొడుకు చదువుకు అడ్డు పడింది. 1930లో, 16 ఏళ్ల వయసులో, మాస్కోలో ఉన్న దూరపు బంధువుల ఇంటికి చేరాడు. దొరికిన పనల్లా చేశాడు. లెనిన్ లైబ్రరీలో గుమ్మం దగ్గర కాపలా అందులో ఒకటి. తీరిక దొరికితే అదే లైబ్రరీలో కూర్చుని చదివేవాడు. విద్యార్థి కాకపోయినా మాస్కో విశ్వవిద్యాలయంలో జరిగే గోష్ఠులకు వెళ్లి ఒక మూల కూర్చునేవాడు.

అక్కడే మహా గణితవేత్త కల్మగోరోవ్ కంట పడ్డాడు. 1932లో ఆయన ఈ కుర్రాణ్ణి తన దగ్గర పరిశోధక విద్యార్థిగా చేర్చుకున్నారు. డిగ్రీ కాగితం ఏదని అడిగి వెనక్కి పంపలేదు.

ఏమిటా పరిశోధన?

గెల్ఫాండ్ పనిచేసిన శాఖ పేరు ఫంక్షనల్ ఎనాలిసిస్. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపిన ఈ విలేకరికి ఆ పేరు వింటేనే భయం వేసింది. అర్థమైనంతలో సంగతి ఇది.

ధాన్యం బస్తా తూకం ఒక్క అంకెతో చెప్పవచ్చు. కాలువలో నీటి మట్టం అలా కాదు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. రోజంతటి మట్టాన్ని గీతగా గీస్తే దాన్ని ఫంక్షన్ అంటారు. ఆ గీత మొత్తాన్ని ఒకే వస్తువుగా భావించి లెక్క చేయడమే ఈ శాస్త్రం. దీనికి పునాదులు వేసినవారిలో ముఖ్యుడు పోలండ్‌కు చెందిన స్టెఫాన్ బనాక్. ఆయనకూ కాలేజీ డిగ్రీ లేకుండానే 1920లో డాక్టరేటు ఇచ్చారు.

ఇలాంటి వస్తువులను కూడవచ్చు, గుణించవచ్చు. ఎంత పెద్దవో కొలవనూ వచ్చు. రెండింటిని గుణిస్తే వచ్చేదాని కొలత, ఆ రెండింటి కొలతల లబ్ధాన్ని మించకూడదు. ఈ కట్టుబాటు ఉన్న కుటుంబాన్నే బనాక్ ఆల్జీబ్రా అంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంకెల్లో అయితే సున్నాతో తప్ప దేనితోనైనా భాగించవచ్చు. ఈ వస్తువుల్లో దేనితో భాగించవచ్చో, దేనితో కుదరదో ఎలా తెలుస్తుంది? చెరువు గట్టు ఎక్కడా తెగలేదని చెప్పాలంటే గట్టు వెంట ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి చూడాలి. గుణకారంలో వరుస మారినా ఫలితం మారని ప్రతి బనాక్ ఆల్జీబ్రాకూ అలాంటి గట్టు ఒకటి ఉంటుందని గెల్ఫాండ్ చూపించారు. ఆ గట్టు మీద ఎక్కడా సున్నా కాకపోతే ఆ వస్తువుతో నిస్సందేహంగా భాగించవచ్చు.

అమెరికా గణితవేత్త నార్బర్ట్ వీనర్ ఎంతో శ్రమపడి నిరూపించిన ఒక సిద్ధాంతం, ఈ మార్గంలో కొద్ది వాక్యాల్లో తేలిపోయింది. 1941లో అచ్చయిన ఈ పరిశోధన గెల్ఫాండ్ పేరును దేశదేశాలకు చేర్చింది. వరుస మారితే ఫలితం కూడా మారే ఆల్జీబ్రాలపై 1943లో నైమార్క్‌తో కలిసి మరో ముఖ్యమైన వ్యాసం రాశారు. పరమాణువు లోపలి సంగతులు చెప్పే క్వాంటం శాస్త్రానికి ఈ రకం గణితం ఎంతో ఉపయోగపడింది.

పోస్టులో పాఠాలు

1943 నుంచి దశాబ్దాల తరబడి ప్రతి సోమవారం సాయంత్రం మాస్కోలో ఆయన గోష్ఠి జరిగేది. పండితులతో పాటు బడి పిల్లలు కూడా వచ్చి కూర్చోవచ్చు. ఒకప్పుడు తాను మూల కూర్చుని విన్న రోజులు ఆయన మరచిపోలేదు.

మాస్కో వంటి పట్నాల పిల్లలకు మంచి బడులున్నాయి, మంచి మేష్టార్లున్నారు. మారుమూల పల్లెల్లో లెక్కల మీద ఆసక్తి ఉన్న పిల్లవాడి గతేమిటి? దీనికి జవాబుగా 1964లో గెల్ఫాండ్ ఉత్తరాల ద్వారా నడిచే గణిత పాఠశాల ప్రారంభించారు. పాఠాలు, లెక్కలు పోస్టులో వెళ్లేవి. పిల్లలు జవాబులు రాసి పంపితే విశ్వవిద్యాలయ విద్యార్థులు దిద్ది, ఎక్కడ పొరపాటు జరిగిందో రాసి తిప్పి పంపేవారు. ఊరి మేష్టారు సాయంతో కొందరు పిల్లలు జట్టుగా చేరే వీలు కూడా ఉండేది. అందులో చదివినవారంతా గణితవేత్తలు కావాలని ఆయన కోరుకోలేదు. ఆలోచించడం అలవడితే చాలన్నదే ఆయన అభిప్రాయం.

1978లో వుల్ఫ్ బహుమతి, 1989లో క్యోటో బహుమతి ఆయనను వరించాయి. స్వదేశంలో సైన్స్ అకాడమీ పూర్తి సభ్యత్వం మాత్రం 1984 దాకా రాలేదు. 1989లో అమెరికా వెళ్లారు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ అక్కడి పిల్లలకు కూడా ఉత్తరాల పాఠాలు మొదలుపెట్టారు. 2009 అక్టోబరు 5న, 96వ ఏట కన్నుమూశారు.

మన రాష్ట్రంలోనూ బడి మానేసినవారికి దారి లేకపోలేదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలిసింది. కాగా, దారి ఉంటే సరిపోదు, పిల్లవాణ్ణి గుర్తించే పెద్ద ఒకరుండాలి. ఆనాడు కల్మగోరోవ్ ముందు సర్టిఫికెట్ చూపించమని ఉంటే, గెల్ఫాండ్ ఆ లైబ్రరీ గుమ్మం దగ్గరే ఉండిపోయేవాడేమో! మన ఊళ్లో గొడ్లు కాసే కుర్రాడు బొగ్గుతో గోడ మీద లెక్క చేస్తూ కనబడితే, గోడ పాడు చేశావని కసిరేముందు ఆ లెక్క సరిగా ఉందేమో ఒకసారి చూడండి.