తెరమీది లెక్క, దస్త్రములోని లెక్క ఒకటిగా నుండవలెను

సంఘ కార్యదర్శులకును, కోశాధికారులకును ఉపయోగపడు నొక చిన్న సంగతిని ఇందు వివరించుచున్నాము.

ఒక సంవత్సరము మా సంఘ వార్షిక సభలో నూలు ఖాతాను పవర్‌పాయింటు ద్వారా తెరమీద చూపితిమి. సభకు పది దినములు ముందుగానే ఎక్సెల్ పట్టికను అందులో అతికించి యుంచితిమి. ఆ తరువాత నలుగురు సభ్యులు తమ నూలు బాకీలు చెల్లించిరి. గుమాస్తా ఆ జమలను ఏనాటికానాడు ఎక్సెల్‌లో వ్రాసెను. అయినను సభనాడు తెరమీద ఆ నలుగురి పేర్లును బాకీదారులలోనే కనబడెను. వారిలో నొక వృద్ధుడు రసీదు చేతబట్టుకొని లేచి, "నేను కట్టిన సొమ్ము ఏమైనదయ్యా?" అని అడిగెను. సొమ్ము పోలేదు, దస్త్రమున తప్పు లేదు. తప్పంతయు మేము అతికించిన పద్ధతిలో నుండెను. కాని ఆ మాట సభకు నచ్చజెప్పుటకు చాల సేపు పట్టినది.

మామూలుగా కాపీ చేసి పేస్ట్ చేసిన పట్టిక, మగ్గము మీదినుండి కోసి తెచ్చిన గుడ్డముక్క వంటిది. వెనుక మగ్గము మీద ఎంత నేసినను ఆ ముక్క పెరుగదు. లింకు చేసిన పట్టిక అట్లు కాదు. అది ఎక్సెల్ దస్త్రము ఎచ్చట నున్నదో గుర్తుంచుకొని, అందలి అంకెలను అచ్చటినుండియే తెచ్చుకొనును.

దీనికి చేయవలసినది స్వల్పము. మొదట ఎక్సెల్ దస్త్రమును పేరు పెట్టి సేవ్ చేయవలెను. కావలసిన గళ్లను ఎంచుకొని కాపీ చేయవలెను. తరువాత పవర్‌పాయింటులో హోమ్ కింద పేస్ట్ బాణమును నొక్కి, పేస్ట్ స్పెషల్ తెరచి, పేస్ట్ లింక్ అనుదానిని గుర్తించి, మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ వర్క్‌షీట్ ఆబ్జెక్ట్ అనుదానిని ఎన్నుకొనవలెను. గ్రాఫు బొమ్మ అయినచో, అతికించునప్పుడు కనబడు ఎంపికలలో లింక్ డేటా అని యున్నదానిని ఎన్నుకొనిన చాలును.

ఇక అంకెలు మారినపుడు ఏమి జరుగును? పవర్‌పాయింటును తెరచినపుడు అప్‌డేట్ లింక్స్ అని యడుగును. దస్త్రము మనదే యని తెలిసినచో సరే యనవలెను. తొందరలో వద్దని నొక్కినచో పాత అంకెలే నిలిచిపోవును. అప్పుడు ఫైల్, ఇన్ఫో లోనికి పోయి, ఎడిట్ లింక్స్ టు ఫైల్స్ తెరచి, అప్‌డేట్ నౌ నొక్కవలెను. గూగుల్ స్లైడ్స్ వాడువారికి పట్టిక మీదనే అప్‌డేట్ అను మీట కనబడును. దానిని నొక్కనిదే అంకెలు మారవు.

లింకు తెగుటకు ముఖ్యకారణము దస్త్రమును కదలించుట. ఎక్సెల్ దస్త్రము పేరు మార్చినను, వేరొక ఫోల్డరులో పెట్టినను, పవర్‌పాయింటును మాత్రమే పెన్‌డ్రైవులో వేసికొని సభాస్థలికి పోయినను అతుకు తెగును. రెంటిని ఒకే ఫోల్డరులో నుంచి కలిపి తీసికొనిపోవలెను. తీసికొనిపోయిన తరువాత ఎడిట్ లింక్స్‌లోని చేంజ్ సోర్స్ ద్వారా క్రొత్తచోటును చూపవలెను. మరియొక సంగతి: మొదట ఎంచుకొన్న గళ్లకు క్రిందుగా క్రొత్త సభ్యుని వరుస చేర్చినచో అది తెరమీదికి రాదు. అప్పుడు మరల కాపీ చేసి లింకు చేయవలెను.

పరరాష్ట్రములలో నున్న మనకు ఇందువలన వేరొక మేలు గలదు. షోలాపూరు చాదరుల లెక్కయైనను, సేలము పట్టుపంచెల లెక్కయైనను, సభ్యులకు తెలుగులో చూపవలెను. అధికారులకు మరాఠీలోనో, తమిళములోనో చూపవలసి యుండును. రెండు పట్టికలు వేరువేరుగా వ్రాసినచో ఏదో యొకచోట అంకె తారుమారగును. ఎక్సెల్ దస్త్రము ఒక్కటే యుంచి, అంకెల గళ్లను మాత్రమే రెండు ప్రదర్శనములకును లింకు చేసి, శీర్షికలను ఆయా భాషలలో పైన వ్రాసికొనవచ్చును.

బయటివారికి పంపునపుడు జాగ్రత్త వహించవలెను. ఎంబెడ్ అని యున్న ఎంపికతో అతికించినచో, మనము చూపదలచిన పట్టికయే గాక ఆ దస్త్రములోని షీట్లన్నియు వెంట పోవును. సభ్యుల కూలి వివరములు, బాకీలు, బ్యాంకు ఖాతా నంబర్లు పరుల చేతబడును. కావున బ్యాంకుకుగాని, ఆఫీసుకుగాని పంపదలచినపుడు, అంకెలు సరిచూచుకొని, వేరొక ప్రతి తీసి, అందు బ్రేక్ లింక్ నొక్కి, ఏ తేదీ లెక్కయో స్లైడు క్రింద వ్రాసి పంపుట మేలు.

లింకు చేసినంతమాత్రమున లెక్క ఒప్పు కాదు. ఎక్సెల్‌లో తప్పు వ్రాసినచో తెరమీదను ఆ తప్పే కనబడును. సభ జరుగు ఉదయమున ఒకమారు అప్‌డేట్ నౌ నొక్కి, తెరమీది మొత్తమును చిట్టాలోని మొత్తముతో పోల్చుకొనవలెను. ఇది అయిదు నిమిషముల పని. మేము నాటినుండి దీనిని తప్పక చేయుచున్నాము. రసీదు చేతనున్న సభ్యుడు ఇంకెన్నడును సభలో లేచి నిలుచుండి అడుగవలసిన యవసరము రాకూడదు.