గాలి ఎంత ఉండాలి?



కుటుంబ పేజీలో కారు టైర్ల గాలి గురించి రాస్తున్నామంటే కొందరికి నవ్వు రావచ్చు. కాని మొన్న వేసవిలో మా పాతపట్నంలో జరిగిన సంగతి తర్వాత రాయకుండా ఉండలేకపోయాము. అందులో మా తప్పు కూడా ఉంది. ముందుగా దానినే ఒప్పుకుంటాము.

మా సంఘంలో రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకరున్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే వారి అబ్బాయి సెకండ్‌హ్యాండులో ఒక విదేశీ కారు కొని తండ్రికి పంపించాడు. దానికి ఉన్నవి రన్‌ఫ్లాట్ టైర్లు. వీటి పక్కగోడలు మామూలు టైర్లకంటె మందంగా, గట్టిగా ఉంటాయి. మేకు దిగి గాలంతా పోయినా ఆ గోడలే బండి బరువు మోస్తాయి. సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా, మరో 80 కిలోమీటర్ల వరకు నడిపి షాపుకు చేరుకోవచ్చు. అందుచేత అలాంటి కార్లలో చాలావాటికి డిక్కీలో స్టెప్నీ ఉండదు.

ఆ టైర్లు అరిగిపోయాయి. మళ్ళీ అవే వేయించాలంటే ఖరీదు ఎక్కువ, మన ఊళ్ళలో దొరకవు కూడా. మాస్టారు అదే సైజులో మామూలు ట్యూబ్‌లెస్ టైర్లు వేయించారు. షాపులో కుర్రవాడు చేతికొచ్చినంత గాలి కొట్టి పంపాడు. ఆ వారమే మేము వారితో ఒక గ్రామ కూటానికి వెళ్ళాము. వెనుక సీటులో కూర్చున్న మాకు ప్రతి గోతికీ నడుము కదిలిపోయింది.

"మాస్టారూ, బండి మరీ గట్టిగా ఉంది, కాస్త గాలి తీయించండి" అన్నాము.

"అలాగే అయ్యగారూ" అన్నారాయన. కాపరి మాట గదా అని మర్నాడే 26 పాయింట్లకు దింపించారు. ఎంత ఉండాలో ఆయన చూడలేదు. చూడమని మేమూ చెప్పలేదు. అప్పటినుండి డాష్‌బోర్డు మీద పసుపు రంగు దీపం వెలుగుతూనే ఉంది. కొత్త టైర్లు వేస్తే అలాగే వెలుగుతుంది కాబోలు అనుకున్నారు.

నెల తిరగకుండానే ఒక రాత్రి మాస్టారి అమ్మాయికి నొప్పులు వచ్చాయి. శ్రీకాకుళం ఆసుపత్రికి యాభై కిలోమీటర్ల పైమాటే. కారులో ఐదుగురు ఎక్కారు, డిక్కీ నిండా సామాను. సారవకోట దాటాక వెనుక టైరు ఒకటి చీలికలై పోయింది. బండి రోడ్డు పక్కకు లాగేసింది. ప్రభువు కృపవలన ఎదురుగా లారీ ఏదీ రాలేదు. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు. చీకట్లో, నొప్పులు పడుతున్న బిడ్డతో ఆ కుటుంబం రోడ్డు పక్కన నిలబడింది. 108 బండి వచ్చి తీసుకువెళ్ళింది. తెల్లవారకముందే తల్లీ బిడ్డా క్షేమమని కబురు వచ్చింది. ఆ కబురు వచ్చేవరకు మేము మోకాళ్ళమీదనుండి లేవలేదు.

తరువాత మెకానిక్కు చెప్పాడు: "టైరులో చిన్న మేకు ఉందండి. గాలి మెల్లగా పోతోంది. అసలే తక్కువ గాలి, పైగా ఫుల్లు లోడు. ఏటి తట్టుకుంటాదండి?"

బరువు మోసేది గాలే

మనలో చాలామంది టైరు బరువు మోస్తుందనుకుంటాము. నిజానికి మోసేది లోపలి గాలి. టైరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి వంటిది. గాలి తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కగోడ మడతపడి లేస్తుంది, వేడెక్కుతుంది. బరువు, వేగం, ఎండ తోడైతే ఆ వేడికి టైరు విచ్చిపోతుంది. రన్‌ఫ్లాట్ గోడ ఈ లోపాన్ని కొంతవరకు కాస్తుంది. మామూలు టైరు గోడకు ఆ బలం లేదు. కనుక రన్‌ఫ్లాట్ తీసి మామూలువి వేసినవారు గాలి విషయంలో మునుపటికంటె జాగ్రత్తగా ఉండాలి.

గాలి ఎక్కువైనా క్షేమం కాదు. టైరు మధ్యభాగం మాత్రమే రోడ్డును తాకి అక్కడే అరుగుతుంది, పట్టు తగ్గుతుంది. తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి. అరుగుదల చూసి జబ్బు తెలుసుకోవచ్చు.

ఎంత పెట్టాలి?

డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద చిన్న కాగితం అంటించి ఉంటుంది. కొన్ని కార్లకు పెట్రోలు మూత లోపల ఉంటుంది. కారు చేసినవారు ఆ బండి బరువునుబట్టి, టైరు సైజునుబట్టి నిర్ణయించిన అంకె అదే. అదే సైజు, తగిన బరువు మోసే టైర్లు వేస్తే మామూలు టైర్లకైనా ఆ అంకెతోనే మొదలుపెట్టాలి. రన్‌ఫ్లాట్‌కు, మామూలుదానికి వేరువేరుగా రాసి ఉంటే దాని ప్రకారమే చేయాలి. ముందుకు ఒక అంకె, వెనుకకు ఒక అంకె, నిండు బరువుకు మరొకటి ఉండవచ్చు. ఐదుగురు ఎక్కే రోజున నిండు బరువు అంకె చూడాలి.

టైరు గోడమీద 44 అనో 51 అనో కనిపిస్తుంది. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పరిమితి. మనం కొట్టించవలసిన అంకె కాదు. విదేశీ కార్లలో బార్ లెక్క ఉంటుంది. ఒక బార్ అంటే పద్నాలుగున్నర పాయింట్లు. 2.2 బార్ అని ఉంటే 32 పాయింట్లు, 2.4 అని ఉంటే 35. టైరు సైజు పక్కన ఉండే అంకె బరువు గుర్తు. 91 అని ఉంటే ఒక్కో టైరు 615 కిలోల వరకు మోయగలదు. పాత టైరుకున్న అంకెకంటె తక్కువది వేయించకూడదు.

గాలి ఉదయాన్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కనీసం మూడు గంటలు బండి ఆగి ఉండాలి. దూరం నడిపాక చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ కనిపిస్తాయి. ఎక్కువైందని అప్పుడు తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. సొంత గేజి ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మేలు. సరైన గాలి పెట్టిన తరువాతనే హెచ్చరిక దీపాన్ని కారు పుస్తకంలో చెప్పినట్లు మళ్ళీ సెట్ చేయాలి. ఆ తరువాత వెలిగితే ఆగి చూడాలి.

మరి స్టెప్నీ? 1904లో వేల్సు దేశపు లనెల్లీ పట్టణంలో స్టెప్నీ వీధిలోని ఇద్దరు అన్నదమ్ములు తయారుచేసిన అదనపు చక్రానికి ఆ వీధి పేరే వచ్చింది. మన దేశంలో 2020లో నియమాలు సవరించి, తొమ్మిదిమందికి మించని చిన్న బండ్లలో ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే యంత్రం, పంక్చరు కిట్టు ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదన్నారు. కాని రన్‌ఫ్లాట్ తీసేసినవారు స్టెప్నీ గాని, కిట్టూ గాలిపంపూ గాని తప్పక పెట్టుకోవాలి. బుద్ధిలేని కన్యకల దివిటీలు మొదట వెలుగుతూనే ఉన్నాయి. లేనిది సిద్దెలలో అదనపు నూనె మాత్రమే.

మన ఇండ్ల సంగతి

బెల్ఫాస్టులో పశువుల డాక్టరు డన్‌లప్ తన చిన్న కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం గాలి టైరు చేశాడు. ఇంగ్లీషులో దానిని న్యూమాటిక్ టైరు అంటారు. ఆ మాటకు మూలం గ్రీకులోని ప్న్యూమా. క్రొత్త నిబంధన గ్రీకులో ఆ మాటకు గాలి అనీ, ఆత్మ అనీ అర్థాలున్నాయి. నీకొదేముతో ఆ రాత్రి ప్రభువు మాట్లాడినప్పుడు ఆ రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి.

కొన్ని కుటుంబాలు రన్‌ఫ్లాట్ టైర్లవంటివి. లోపల ప్రార్థన లేదు, భార్యాభర్తల మధ్య మాట లేదు. అయినా గోడలు గట్టివి గనుక ఆదివారం చక్కగా గుడికి వస్తారు. కొంత దూరం అలా నడుస్తుంది. ఆ దూరానికీ హద్దు ఉంది. దీపం వెలిగినప్పుడు అలవాటైపోయిందని వదిలేయకండి.

మరొక మాట. పక్కింటివాని కొలత మనది కాదు. తట్టుకోగల గరిష్ఠమూ మన కొలత కాదు. పిల్లవాడు ఎంత తట్టుకోగలడో అంతా వానిమీద పెట్టేయకూడదు. వాడు మోయవలసిన భారాన్నిబట్టి ఇవ్వాలి. మేము మా నడుము సుఖం చూసుకుని తెలియని విషయంలో సలహా చెప్పాము. కాపరి చెప్పాడని ఒక కుటుంబం నమ్మింది. సంఘం ఎదుట మాస్టారిని క్షమాపణ అడిగాము.

"నేనూ ఆ కాగితం చూడలేదు గదా అయ్యగారూ" అన్నారాయన.

ఇప్పుడు ప్రతి శనివారం ఉదయం మాస్టారు గేజి పట్టుకుని నాలుగు చక్రాలూ, డిక్కీలో కొత్త స్టెప్నీ చూసుకుంటున్నారు. ఆ రాత్రి పుట్టిన మనుమరాలు వరండాలో ఉయ్యాలలో ఉంటుంది. మీరూ రేపు ఉదయం తలుపు తెరిచి ఆ కాగితం చదవండి. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.