పురుగు మారదు, పురుగుల సంతతి మారుతుంది

జీవపరిణామం పాఠంలో కష్టమంతా డార్విన్ పుస్తకం 1859లో వచ్చిందని గుర్తుపెట్టుకోవడంలో లేదు. అది బట్టీ పట్టినా వస్తుంది. ప్రాణికి ఏది అవసరమైతే అది దాని ఒంట్లో తయారవుతుందన్న నమ్మకం పిల్లల్లో ముందే పాతుకుపోయి ఉంటుంది. దాన్ని కదిలించడమే కష్టం. పై కొమ్మల ఆకు కోసం సాగీ సాగీ జిరాఫీ మెడ పొడుగైందని లామార్క్ 1809లో రాశాడు. ఆయన పేరైనా వినని పిల్లవాడికి కూడా అలాగే తోస్తుంది. పాఠం అయిపోయి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకున్నాక కూడా అదే మిగులుతుంది.

అందుకే అనుభవమున్న బయాలజీ టీచర్లు డార్విన్ దగ్గర మొదలుపెట్టరు. ముందు గుప్పెడు చిక్కుడు గింజలిచ్చి కొలవమంటారు, లేదా క్లాసులో అందరి జానల పొడవూ బోర్డు మీద రాయిస్తారు. ఒకే జాతిలో తేడాలు ఎన్నో ఉంటాయని, వాటిలో కొన్ని తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతాయని కుదురుకున్నాకే ప్రకృతి వరణం మాట ఎత్తుతారు.

ఆ మాటను బోర్డు మీద రాసి చెప్పడం కన్నా ఆడించి చూపడం మేలు. పూల డిజైన్ ఉన్న దుప్పటి బల్ల మీద పరిచి, రంగు కాగితాల నుంచి పంచింగ్ మిషన్‌తో కొట్టిన చుక్కలను నాలుగు రంగుల్లో, రంగుకు 25 చొప్పున చల్లుతారు. నలుగురైదుగురు పిల్లలు పక్షులు. ఒక్కొక్కరూ తల తిప్పుకుని, మళ్లీ చూసి, ముందు కంటబడిన చుక్కను ఏరాలి. 25 చుక్కలు మిగిలాక ఆట ఆపి, మిగిలిన ప్రతి చుక్కకూ అదే రంగువి మరో మూడు కలుపుతారు. మళ్లీ వంద. రెండు మూడు తరాలు గడిచేసరికి దుప్పటి రంగులో కలిసిపోయే చుక్కలే ఎక్కువవుతాయి. టీచరు అడగాల్సిన అసలు ప్రశ్న అప్పుడు వస్తుంది: ఏ చుక్కయినా తన రంగు మార్చుకుందా? లేదు. మారింది గుంపులో రంగుల పాలు.

ఆట తర్వాత నిజమైన పక్షులు. గాలాపాగోస్‌లోని డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఫించ్ పిట్టలను పట్టి కొలిచి వదిలేవారు. 1977లో వాన దాదాపు పడలేదు. మెత్తని చిన్న గింజలు అయిపోయాయి, గట్టివే మిగిలాయి. వాటిలో ముఖ్యమైనది మన పొలాల్లో కాలికి గుచ్చుకునే పల్లేరు కాయకు దగ్గరి చుట్టమే. దాన్ని పగలగొట్టలేని పిట్టలు చచ్చిపోయాయి. బతికినవాటి ముక్కు మందం సగటున అర మిల్లీమీటరు ఎక్కువ. వాటి పిల్లలకూ ముక్కులు మందంగానే వచ్చాయి. కరువుకు ఏ పిట్టా ముక్కు పెంచుకోలేదు.

తెలుగు నేల మీద చెప్పేటప్పుడు అంత దూరం పోనవసరం లేదు, పత్తి చేను చాలు. బీటీ పత్తి 2002లో దేశంలోకి వచ్చింది. కొన్నేళ్లకే గులాబీ రంగు పురుగు దానికి లొంగడం మానేసింది. పురుగు అలవాటు పడిందని రైతులంటారు, పిల్లలూ అదే రాస్తారు. జరిగింది వేరు. బీటీ మొక్కలోని విషాన్ని తట్టుకునే పురుగులు ఏ కొద్దో మొదటి నుంచీ ఉన్నాయి. మిగతావి చస్తే ఇవి పిల్లల్ని కన్నాయి. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో విడిగా 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చింది కూడా ఇందుకే: ఆ వరసల్లో బతికే మామూలు పురుగులు తట్టుకునే వాటితో జతకట్టి వాటి జోరు తగ్గించాలని. చాలామంది రైతులు దాన్ని వేయనే లేదు. ఈ లెక్క అర్థమైన పిల్లలకు యాంటీబయాటిక్‌కు లొంగని బ్యాక్టీరియా గురించి మళ్లీ చెప్పే పని ఉండదు.

ఇక, కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకున్నాయన్న ప్రశ్న. అది అడిగినవాణ్ని గద్దించి కూర్చోబెట్టే మాస్టార్లు మంచి అవకాశం పోగొట్టుకుంటున్నట్టే. మనిషీ చింపాంజీ అన్నదమ్ముల పిల్లల వంటివాళ్లు, ఉమ్మడి పూర్వీకుడి నుంచి సుమారు 60-70 లక్షల ఏళ్ల కిందట విడిపోయిన రెండు శాఖలు. ఇక్కడే కొందరు దశావతారాలను తెస్తారు. మత్స్యం, కూర్మం, వరాహం వరస పిల్లలకు తెలిసిందే కాబట్టి పాఠం తేలిగ్గా ఎక్కుతుంది, కానీ తప్పుగా ఎక్కుతుంది. జీవపరిణామం మనిషి దాకా ఎక్కే మెట్లు కాదు, ఎటుబడితే అటు చీలే కొమ్మలు. పురాణాన్ని తక్కువ చేయకుండానే ఈ తేడా చెప్పవచ్చు.

ఈ పాఠం మీద గొడవ అమెరికాలో కోర్టుకెక్కింది. టెనెసీ రాష్ట్రం డేటన్‌లో 1925లో జాన్ స్కోప్స్ అనే టీచరుకు ఈ పాఠం చెప్పినందుకు వంద డాలర్ల జరిమానా వేశారు. అక్కడి నిషేధం 1967 దాకా పోలేదు. మన దేశంలో అలాంటి చట్టమేదీ లేదు. అయినా కోవిడ్ తర్వాత భారం తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అధ్యాయం ‘అనువంశికత’గా మిగిలింది. పొదల్లో ఎర్ర పురుగులు, పచ్చ పురుగులు, వాటిని తినే కాకులు, పొదలు తొక్కేసి లెక్క తారుమారు చేసే ఏనుగు ఉన్న మంచి కథ కూడా దాంతో పోయింది. బలమున్నదే కాదు, కలిసొచ్చినదీ బతుకుతుందని అంత సులువుగా చెప్పిన పాఠం తక్కువ. 2023లో 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు పరిణామం పాఠాన్ని తిరిగి పెట్టాలని బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఆ అధ్యాయం ఉందిగా అన్న జవాబు బైపీసీ వాళ్లకే సరిపోతుంది. ఎంపీసీకి వెళ్లే పిల్లలకు బయాలజీ పదో తరగతితోనే ఆఖరు.