కథ చెప్పాలంటే పాట కట్టాల్సిందే!

మా అవ్వకు అక్షరం ముక్క రాదు. అయినా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ పొల్లు పోకుండా చెప్పేది. చెప్పేదంటే మామూలుగా కాదు, పాడేది. శెనక్కాయలు వొలుస్తూ ఆమె చరణం ఎత్తుకుంటే, చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు వంత అందుకునేవాళ్లు.

ఆ కథ మీకూ తెలిసిందే. పాలెగాళ్ల హక్కులు పోయి, కుంఫిణీ వాళ్లు విదిల్చే నెలకు 11 రూపాయల చిల్లర భరణంతో బతకాల్సొచ్చిన మనిషి 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. అక్టోబరులో దొరికిపోయాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగానే ఉరి తీశారు. అక్కడితో ఆగారా? చూసినవాళ్లు జడుసుకోవాలని తలను కోటలో వేలాడదీశారు. ఏళ్ల తరబడి అలాగే ఉంచారు. జడుసుకోవడం మాట దేవుడెరుగు, జనం పాట కట్టారు! 2019లో సినిమా వచ్చిందన్నా, 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారన్నా, అన్నాళ్లూ ఆ పేరును మోసింది ఆ పాటలే.

పాటలో కథ ఎలా నిలుస్తుందో గమనించారా? వంతవాళ్లు పల్లవి పాడేలోపు ముందు పాడేమెకు ఊపిరి అందుతుంది, తర్వాతి చరణం గుర్తుకొస్తుంది. మరిచిపోతే పక్కనామె అందిస్తుంది. మనిషి మారితే మాటా కాస్త మారుతుంది. చదువుకున్నవాళ్లు అది తప్పంటారు. నేననను. తనదనుకున్న పాటనే కదా ఎవరైనా పిల్లలకు నేర్పేది!

అదే ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిది. 1866 కరువులో ఆయన వేలమందికి కడుపు నింపాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆ పతకాన్ని చూసిందెందరు? పాటను విననిదెవరు? తంగిరాల వెంకటసుబ్బారావు గారు ఈ ఇద్దరి పాటలూ సేకరించి 'రేనాటి సూర్యచంద్రులు' అని పుస్తకం తెచ్చారు కాబట్టి సరిపోయింది.

ఆడవాళ్లు కథను పాడుకునేలా కట్టడం ఈ సీమకు కొత్తా? కడప సీమలో, రాజంపేట దగ్గరి తాళ్లపాక ఇంటి కోడలు తిమ్మక్క పదిహేనో శతాబ్దంలోనే 'సుభద్రా కల్యాణం' రాసింది. అన్నమయ్య భార్య అంటే గానీ మనకు గుర్తురాదు, అదీ మన తీరు. ఆమె ఎంచుకున్నది మంజరీ ద్విపద. రెండేసి పాదాలు, ప్రాస నియమం లేదు. పనిపాటల్లో ఉన్న ఆడవాళ్ల నోటికి ఇట్టే పట్టుబడుతుంది. అర్జునుడి పెళ్లి కథను అచ్చంగా మన ఇంట్లో పెళ్లిలా చెప్పింది.

ఇప్పుడు కాయలు వొలవడానికి మిషన్లొచ్చాయి. నడుములకు సుఖమే, కాదనను. కానీ పదిమంది ఒకచోట కూర్చోవడం పోయాక వంత ఎవరు పాడాలి? మీ ఇంట్లో పాట వచ్చిన అవ్వ ఉంటే ఈ ఆదివారమే ఫోన్‌లో రికార్డు చేయండి. ఒంటరిగా పాడించొద్దు. పక్కన మీరు కూర్చుని వంత అందుకోండి, అప్పుడే చరణాలు ఒకదాని వెంట ఒకటి బయటికొస్తాయి.

మా పిన్నమ్మ ఈమధ్య సొంతంగా ఒక పాట కట్టింది. బోరు ఎండిపోవడం, కొడుకూ కోడలూ బెంగళూరుకు కూలికి పోవడం, అన్నీ ఉన్నాయందులో. "ఇంకో చరణముంది లేమ్మా, వాళ్లు ఇంటికొచ్చినాక కడతా" అంటోంది.