మట్టిమిద్దె, గడ్డికట్టల గోడ
తిరుపతి, చిత్తూరు పల్లెల్లోని పాత మట్టిమిద్దెల మందపాటి గోడలు పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకొని రాత్రికి వదలడం ద్వారా, అంటే ఉష్ణధారణతో, వేసవిలో ఇంటిని చల్లగా ఉంచగా, 1920లో ఫ్రాన్సులోని మోంటార్జీలో కట్టిన ఫ్యూయెట్ ఇల్లు వంటి గడ్డికట్టల గోడలు పోచల నడుమ చిక్కుకున్న కదలని గాలితో వేడిని అడ్డుకుంటాయి. వేడి ఎంత సులువుగా సాగుతుందో తెలిపే ఉష్ణవాహకత ఇటుకకు మీటరు-కెల్విన్‌కు సుమారు 0.7 వాట్లు కాగా, గడ్డికట్టకు 0.05 నుంచి 0.07 మాత్రమే. సందుల్లోంచి గాలి చొరబడితే గడ్డిగోడకున్న వేడిని అడ్డుకునే గుణం దెబ్బతింటుంది కనుక ఇరువైపులా మట్టి లేదా సున్నపు పూత తప్పనిసరి. ఆ పూత కొంత ఉష్ణధారణనూ సమకూరుస్తుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో వరిగడ్డి ముందుగా పాడిపశువుల మేత, అది న్యాయమే. మిగిలిన గడ్డితో కట్టదలచినవారు ఈశాన్య రుతుపవనాల వానలను దృష్టిలో ఉంచుకొని ఎత్తైన పునాది, వెడల్పైన చూరు ఏర్పరచుకోవాలి. తడిసిన గడ్డిగోడ కుళ్లిపోతుంది.